కొంగకు చిక్కని వీరరాఘవమ్మ

బొల్లాపల్లి మండలంలో కొండవార ఉన్న ఎర్రగుట్టపాడులో, పోయిన ఏడాదంతా, వీరరాఘవమ్మను ఎవరైనా దొంగ అంటే ఆమె కోప్పడేది కాదు. పైగా మెళ్ళో వేలాడే కార్డు తీసి చూపించేది. ఆ కార్డు మీద ఆమె ఫొటో, కంపెనీ ముద్ర, ఇంగ్లీషులో ఏదో హోదా ఉండేవి. ఆ హోదాను తెలుగులో ఏమంటారని ఊళ్ళో చదువుకున్నవాళ్ళను అడిగితే తలా ఒక మాట చెప్పి, చివరికి "చొరబాటు నిపుణురాలు" దగ్గర ఆగారు. "అంటే దొంగేగా" అని ఆమె తేల్చేసింది. యాభై ఆరేళ్ళ వయసులో, నెలజీతం పుచ్చుకుని, పట్టపగలు, దేశక్షేమం కోసం దొంగతనం చేసిన మనిషి పల్నాడులో ఆమె ఒక్కతే. ఎన్నికల్లో నిలబడేవాళ్ళ సంగతి వేరు.

ఆమె పుట్టింది శావల్యాపురం దగ్గర. పదహారేళ్ళకు ఈ మెట్టచేలకు కోడలై వచ్చింది. అప్పట్లో ఊరు రెండు పార్టీలు. ఎందుకు రెండయ్యాయో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, గొడవ మాత్రం పండగలా ఏటేటా వచ్చేది. గొడవైనప్పుడల్లా ఒక పార్టీ మగవాళ్ళు కొండెక్కేవాళ్ళు, పోలీసు పికెట్ ఊళ్ళో దిగేది. కొండ మీదివాళ్ళకు కబుర్లు, జ్వరం మాత్రలు చేరవేసే పని ఆడవాళ్ళ నెత్తిన పడేది. తక్కినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు దొరికి తిట్లు తిన్నారు. వీరరాఘవమ్మ ఒక్కసారీ దొరకలేదు. కానిస్టేబులు బీడీ ముట్టించే ముందు ఎటు చూస్తాడో, ముట్టించాక ఎటు చూస్తాడో ఆమె లెక్క ఆమెకుండేది.

తరవాత పార్టీలు చల్లబడ్డాయి. భర్త కామెర్లతో పోయాడు. కూతురికి పెళ్ళయి దాచేపల్లి వెళ్ళింది. మిగిలింది రెండెకరాల చేను, దాని మీద పడే అడవి పందులు. ఆ చేనుతో పాటు పక్కవాళ్ళ చేలు కూడా మంచె మీద కూర్చుని ముప్పై ఏళ్ళు కాసింది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఏ కంప వెనకగా పోతే పందికి వాసన తగలదో తెలుసుకుని, దాని పక్కకు చేరి డబ్బా మోగించేది. పోలీసు కంటే పంది తెలివైనదని ఆమె అభిప్రాయం. ఇంత విద్య ఉన్నా దానికి ఊళ్ళో ఒక పేరు లేదు. పేరు లేని పనికి కూలి రేటూ లేదు. "ఆ, రాఘవమ్మత్త కాసుద్దిలే" అని వెళ్ళిపోయేవాళ్ళు.

పోయిన మే నెలలో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ దిగింది. వీరరాఘవమ్మ మరిది త్రికోటేశ్వరరావుకు కొండకింద పదిహేనెకరాల రాళ్ళబీడు ఉంది. గడ్డి కూడా మొలవడానికి మొహమాటపడే నేల. ఆ బీడు కౌలుకిమ్మంటే ఆయన ముందు వాళ్ళ ముఖాలు, తరవాత వాళ్ళ కారు చూసి, వెంటనే ఒప్పుకున్నాడు. బీడు మధ్యలో ఏసీ పెట్టిన రేకుల షెడ్డు వేశారు. చుట్టూ అయిదు ఇనప స్తంభాలు పాతారు. ఒంటికాలి మీద నిలబడి, మెడ తిప్పుతూ, కెమెరా కన్నుతో చూసే ఆ స్తంభాన్ని ఊళ్ళోవాళ్ళు మొదటిరోజే కొంగ అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

కొంగ పని సరిహద్దు కాయడం. దానికి కృత్రిమ మేధ ఉంది. వచ్చేది మనిషో, మేకో, పందో తనే తేల్చుకుంటుంది. మనిషైతే సైరన్ మోగిస్తుంది. ఇక్కడ నేర్చుకుని, పాసై, సైన్యంలో చేరాలి. నేర్పేది ఇద్దరు ఇంజనీర్లు, విశాల్, భావన. ఇద్దరికీ కలిపి యాభై ఏళ్ళు నిండవు. వాళ్ళ పైన అరుణ్ కుమార్. నరసరావుపేటలో మూడు తరాల కిరాణా వ్యాపారం ఉన్న ఇంటి పిల్లవాడు. ఆయన ఉద్యోగం ప్రణాళిక. సైన్యంలో కృత్రిమ మేధ మీద వచ్చే పదిహేనేళ్ళు ఏ ఏడు ఎంత పెట్టుబడి పెట్టాలి, ఏ ఏడు ఏం రావాలి అన్నది నూటపన్నెండు పేజీల్లో రాశాడు. రెండువేల నలభై నాటికి సరిహద్దులో కాపలా మనిషే ఉండడని అందులో ఉంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొంగకు ఇంకా మేకకూ మనిషికీ తేడా తెలియని రోజుల్లోనే రెండువేల నలభైలో దాన్ని ఏ దేశాలకు అమ్మాలో కూడా రాసేశాడు. ఈ పదిహేనేళ్ళ ప్రణాళికను మూడు నెలలకోసారి మార్చేవాడు. మార్చిన ప్రతిసారీ అది పదిహేనేళ్ళ ప్రణాళికగానే ఉండేది.

కొంగలు నిలబెట్టిన మర్నాడు, దొరక్కుండా షెడ్డు తలుపు ముట్టుకున్నవాళ్ళకు బహుమతి అని చాటించారు. ఊళ్ళో కుర్రాళ్ళు పరిగెత్తారు, పాకారు, పొర్లారు. సైరన్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ఒక్కడూ తలుపుదాకా పోలేదు. విశాల్ మహా సంతోషంతో మధ్యాహ్నం టీ తాగుతుంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

"అబ్బాయ్, మా పక్కింటి హజ్రా బీ మేకపిల్ల ఒకటి ఇటేమన్నా వచ్చిందా?"

విశాల్ చేతిలో కప్పు కింద పడింది. సైరన్ మోగలేదు. భావన తెర మీదికి చూసింది. తెర మీద ఎండలో కాగే బండలు తప్ప ఏమీ లేవు.

"పెద్దమ్మా, ఎట్టా వచ్చావు నువ్వు?" అంది భావన.

"నడిచొచ్చా. ఏంది, రాకూడదా?"

"కొంగ నిన్ను చూడలేదు."

"ఈ ఎండలో అదేం చూసిద్దమ్మాయ్. రోహిణి ఎండకి బండెంత కాగిందో ఒళ్ళూ అంతే కాగిద్ది. బండ పక్కన బండ మాదిరి ఆగి ఆగి వచ్చా. పంది కూడా ఈ యాళప్పుడు కనిపెట్టలేదు."

ఒంటి వేడిని పట్టే కోట్ల రూపాయల కన్ను మే నెల మిట్టమధ్యాహ్నం పల్నాడు బండల మీద ఎందుకు పనికిరాదో భావన చదివిన పుస్తకాల్లో రెండు పేజీలుంది. వీరరాఘవమ్మ రెండు వాక్యాల్లో చెప్పేసింది. ఆ సాయంత్రం అరుణ్ కుమార్ స్వయంగా వచ్చి ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నాడు.

పని చిత్రమైనది. ఆమె కొంగ కళ్ళుగప్పి షెడ్డుకు రావాలి. వచ్చిన దారిలోనే మళ్ళీ యాభైసార్లు రావాలి. ఆ యాభైసార్లూ కొంగకు "ఇదిగో, ఇది మనిషే, చూడు" అని భావన చెప్పేది. ఆ తరవాత ఆ ఉపాయం కొంగ దగ్గర చెల్లదు. పెద్దబాలశిక్ష నేర్చుకున్న పిల్లాడిలా ఇక తప్పు చెయ్యదు. మొదటివారం వీరరాఘవమ్మ ఉత్సాహం పట్టలేక మూడు ఉపాయాలు ఖర్చు పెట్టేసింది. బండలది ఒకటి. తడిపిన గోతం కప్పుకుని తెల్లారకట్ట రావడం ఒకటి. హజ్రా బీ మేకల మధ్య గొంగడి కప్పుకుని మోకాళ్ళ మీద రావడం ఒకటి. మూడోదానికి రెండురోజులు మోకాళ్ళు పట్టేశాయి. మేకలు కూడా ఆమెను అదోలా చూశాయని హజ్రా బీ అంది.

అరుణ్ కుమార్ మురిసిపోయాడు. "అమ్మా, ఇదే ఊపులో పోతే రెండు నెలల్లో ఇక్కడ పని అయిపోద్ది. మనం సర్దేసుకోవచ్చు."

ఆ మాట విని వీరరాఘవమ్మ నవ్వింది. ఇంటికెళ్ళాక నవ్వలేదు. మెట్టరైతు తొలకరి పడగానే ఇంట్లో ఉన్న గింజలన్నీ చల్లడు. వాన మళ్ళీ వస్తుందో రాదో తెలియదు, అందుకని కొంత చల్లి కొంత దాచుకుంటాడు. ఇన్నేళ్ళు మెట్టలో బతికి, తనే గింజలన్నీ ఒక్క వారంలో చల్లబోయినందుకు ఆమెకు సిగ్గేసింది. గోడకానుకుని కూర్చుని తనకు తెలిసిన ఉపాయాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చేతివేళ్ళు చాలక కాలివేళ్ళకు, అవీ చాలక మళ్ళీ చేతివేళ్ళకు వచ్చింది. ఇరవై మూడు మిగిలాయి. నెలకొకటి. వాళ్ళు మరీ బలవంతపెడితే రెండు.

అంటే రెండేళ్ళ ఉద్యోగం. కాగితం లేదు, పేజీలు లేవు. ఆ షెడ్డు చుట్టుపక్కల మారకుండా నిలిచిన ప్రణాళిక అదొక్కటే.

మెళ్ళో ఆ కార్డంటే ఆమెకు ప్రాణం. జీతం కోసమే అనుకుంటే పొరపాటు, మిరపకోతలకు పోయినా కూలి వస్తుంది. తన విద్యకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకళ్ళు పేరు పెట్టారు, ఫొటో తీశారు, "ఎట్టా చేశావు పెద్దమ్మా?" అని అడిగి రాసుకున్నారు. పెళ్ళిళ్ళకు కూడా ఆ కార్డు వేసుకుని పోయేది. ఆ ఉద్యోగం నిలబెట్టుకోవాలన్నది తప్ప ఆమెకు వేరే కోరికేమీ లేకుండా పోయింది.

నెలలు గడిచాయి. పత్తికట్టె మోపు నిలువునా పట్టుకుని అంగుళం అంగుళం జరిగింది. కంది చేలో దిష్టిబొమ్మ పక్కన ఇంకో దిష్టిబొమ్మలా పూటంతా నిలబడింది. ప్రతిసారీ నెల మొదట్లో, "ఏమోనమ్మాయ్, ఈసారికి నాకేం తోచట్లా, కొంగ గెలిచేట్టే ఉంది" అని బెంగగా ముఖం పెట్టేది. ఇరవై అయిదో తారీఖుకల్లా షెడ్డు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యేది. అరుణ్ కుమార్ ప్రణాళికలో తేదీలు జరుగుతూ పోయాయి. ఏడాది చివరికి ఆమె దగ్గర ఇంకా పదిహేడు ఉపాయాలు భద్రంగా ఉన్నాయి.

ఈ మధ్యలో భోజనాల ఏర్పాటు ఒకటి వచ్చింది. షెడ్డు దగ్గర వంట లేదు. వినుకొండ హోటలు కూడు తిని విశాల్ కడుపు చెడి మంచం పట్టాక, "నేనే వండి తెస్తాలే" అంది వీరరాఘవమ్మ. రోజూ పన్నెండున్నరకు గంప నెత్తిన పెట్టుకుని, మామూలు మనిషిలా నడిచి వచ్చేది. అప్పుడామె డ్యూటీలో లేదు కాబట్టి దాక్కోవలసిన పని లేదు. కొంగకు ఆ తేడా తెలియదు. రోజూ అన్నం రాగానే సైరన్ మోగేది. విశాల్ లేచి దాని నోరు మూయించేవాడు; పోనుపోను గంప రాకముందే మూయించి కూర్చునేవాడు, అన్నం వేళ అది అరవకపోవడం అందరికీ అలవాటైపోయింది. సరే, ఇంతవరకు భరించవచ్చు. జనవరిలో మిరపకోతలు మొదలయ్యాయి. పొద్దున్నే అరవై మంది, డెబ్బై మంది ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని బీడుకు అడ్డంపడి చేలకు పోయేవాళ్ళు, మళ్ళీ సాయంత్రం వచ్చేవాళ్ళు. కొంగకు పిచ్చెక్కింది. సైరన్ ఆగలేదు. మూడోరోజు త్రికోటేశ్వరరావు పంచె ఎగ్గట్టి వచ్చాడు.

"ఏందయ్యా ఇది? గేదెలు పాలు చేపడం మానేసినయి. ఊళ్ళో పసిపిల్లోళ్ళు ఉలిక్కిపడతన్నారు. మీ కొంగ నోరు మూపిస్తారా, కౌలు రద్దు చేసుకోమంటారా?"

భావన సెలవు మీద ఊరెళ్ళింది. విశాల్ ఒక్కడే ఉన్నాడు. కుర్చీలో కూర్చుని పది నిమిషాల్లో పని తేల్చాడు. గంప నెత్తిన పెట్టుకుని నిటారుగా నడిచే ఆడమనిషి కనబడితే మనవాళ్ళేనని వదిలెయ్యమని కొంగకు చెప్పాడు. కొంగ బుద్ధిగా నేర్చుకుంది. గేదెలు మళ్ళీ చేపాయి. కోతలు అయ్యాక మార్చాలనుకున్నాడు. ఆ అనుకున్నది ఎక్కడా రాసుకోలేదు. భావనకు చెప్పడం కూడా మరిచాడు.

ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందన్నారు. ముగ్గురు. వాళ్ళలో పెద్ద రిటైరైన బ్రిగేడియర్. కొంగ పనితనం కళ్ళారా చూసి, ఆ పదిహేనేళ్ళ పెట్టుబడికి వాళ్ళు సరే అంటే సరే, కాదంటే కంపెనీ షెడ్డు పీక్కోవాలి. రెండురోజుల ముందు అరుణ్ కుమార్ వీరరాఘవమ్మ ఇంటికే వచ్చాడు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, చాలాసేపు ఎండను పొగిడాడు.

"అసలు సంగతి చెప్పు బాబూ," అంది ఆమె.

"ఆ రోజు మీరు దొరికిపోవాలమ్మా."

వీరరాఘవమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"పాత పద్ధతే. గొంగడి కప్పుకుని తూర్పువైపు నుంచి మోకాళ్ళ మీద రండి. అది దానికి బాగా వచ్చు. వెంటనే పట్టేస్తది. సైరన్ మోగుద్ది. అంతే, మనం గట్టెక్కినట్టే."

"మీరు గట్టెక్కుతారు. నా పనో?"

"ప్రాజెక్టుంటే పదిహేనేళ్ళు మీ పనుంటది. ప్రాజెక్టే లేకపోతే ఏముంది చెప్పండి?"

ఆయన వెళ్ళాక ఆమె అక్కడే కూర్చుండిపోయింది. కొంగ దొంగను పట్టేస్తే ఇక దొంగతో పనేముంది? పట్టకపోతే కంపెనీయే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పదిహేనేళ్ళన్న మాట మీద ఆమెకు నమ్మకం లేదు. అయినా గొయ్యి కంటే నుయ్యి నయం, నీళ్ళన్నా ఉంటాయనుకుంది. దొరకడానికే నిశ్చయించుకుంది. కానీ నలభై ఏళ్ళలో పోలీసుకు దొరకలేదు, పందికి దొరకలేదు. ఇప్పుడు ఇనప కొంగ ముందు, ఢిల్లీవాళ్ళ ఎదుట, మేకలా పాకుతూ దొరకాలా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు భావనకు చెప్పింది. "దొరుకుతా. పాకుతా మాత్రం దొరకను. నిలబడి, నడిచొచ్చి దొరుకుతా. మీ సారుకు చెప్పు."

"నిలబడి వస్తే ఇంకా మంచిది పెద్దమ్మా. అది మొట్టమొదట నేర్చుకున్నదే నిలబడ్డ మనిషిని," అంది భావన. పాపం ఆమె నమ్మకం ఆమెది.

ఆ రోజు రానే వచ్చింది. కమిటీ పదకొండింటికి షెడ్డులో కూర్చుంది. ఎదురుగా గోడంత తెర. చొరబాటుదారు మూడింటిలోపల ఎప్పుడైనా, ఎటునుంచైనా రావచ్చని అరుణ్ కుమార్ ఇంగ్లీషులో వివరించాడు. ఎప్పుడొచ్చేదీ తనకూ తెలియదని అబద్ధమాడాడు. పల్లెటూరి భోజనమే కావాలని బ్రిగేడియర్ ముందే కబురు పెట్టాడు కాబట్టి నాటుకోడి పులుసు, గోంగూర, ఉలవచారు వీరరాఘవమ్మే వండింది. ఎలాగూ వస్తున్నాను కదా, మళ్ళీ ఇంకో మనిషెందుకని గిన్నెలన్నీ గంపలో సర్దింది. ఉతికిన చీర కట్టుకుంది. కార్డు పైకి కనబడేట్టు వేసుకుంది. దొరకబోయే మనిషి మర్యాదగా దొరకాలని ఆమె పట్టుదల.

పన్నెండూ నలభైకి బీడులో అడుగు పెట్టింది. మొదటి కొంగ మెడ తిప్పి ఆమెవైపు చూసింది. సైరన్ కోసం ఆమె చెవులు రిక్కించింది. కొంగ మెడ తిప్పేసుకుంది. సరిగ్గా చూసి ఉండదని దగ్గరకెళ్ళింది. రెండో కొంగ ముందు ఆగి దగ్గింది. మూడోదాని ముందు చెయ్యి ఊపింది. నాలుగోదాన్ని అరచేత్తో డబడబా కొట్టి, "ఒసే, ఇటు చూడవే. నేనే, రాఘవమ్మను. పట్టుకో!" అంది. కొంగ ఎటో కొండవైపు చూస్తూ ఉండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు.

లోపల తెర మీద ఒక ముసలామె గంపతో వచ్చి స్తంభాన్ని కొట్టడం కమిటీ ముగ్గురికీ స్పష్టంగా కనిపించింది.

"ఆ, భోజనం వచ్చింది," అన్నాడు బ్రిగేడియర్ ఇంగ్లీషులో, లేచి చేతులు కడుక్కోవడానికి పోతూ.

భావన విశాల్ వైపు చూసింది. విశాల్ ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది వాడికి. అరుణ్ కుమార్‌కూ సంగతి అర్థమైంది. కానీ మూడు తరాల కొట్టు నడిపిన ఇంటి బిడ్డ, బేరం చెడుతున్నప్పుడు నోరు మూసుకోవాలని తెలిసినవాడు. గమ్మున విస్తళ్ళు వేయించాడు.

కమిటీ తృప్తిగా తింది. గోంగూర మారు అడిగింది. తిన్నాక మళ్ళీ తెర ముందు కూర్చుని చొరబాటుదారు కోసం ఎదురుచూసింది. ఒంటిగంటన్నర అయింది. రెండున్నర అయింది. చొరబాటుదారు వాళ్ళ ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతోంది. విస్తళ్ళు పారేసి వచ్చి, ఇక ఉండబట్టలేక బ్రిగేడియర్ ఎదుట నిలబడింది.

"అయ్యా, మీరు చూసే మనిషిని నేనే. ఇందాకే వచ్చా. అయిదు కొంగల ముందర నడిచొచ్చా. ఒక్కటీ పట్టలా. దానికేందో రోగమొచ్చింది, చూపించండి," అంటూ కార్డు పైకెత్తి చూపింది. దాన్ని చదవడానికి బ్రిగేడియర్ కళ్ళజోడు వెతుక్కునేలోపు అరుణ్ కుమార్ మధ్యలో వచ్చి నిలబడ్డాడు.

బ్రిగేడియర్‌కు తెలుగు రాదు. "ఏమంటోంది?" అని అరుణ్ కుమార్‌ను అడిగాడు.

"వంటంతా తనే చేసిందట సార్. బాగుందో లేదో అడుగుతోంది."

"చాలా బాగుందని చెప్పు," అని బ్రిగేడియర్ ఆమెకు నమస్కారం పెట్టాడు. మంచివాడే. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్నవాడే.

మూడయింది. చొరబాటుదారు రాలేదేమని కమిటీ అడిగింది. అరుణ్ కుమార్ గొంతు సవరించుకుని, ఏడాదిగా ఈ కొంగల దెబ్బ రుచి చూసిన మనిషి ఈ రోజు రావడానికే జంకిందని, శత్రువును పట్టుకోవడం కంటే అసలు రాకుండా చెయ్యడమే గొప్ప రక్షణ కాదా అని అడిగాడు. కమిటీ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట వాళ్ళకు చాలా లోతుగా కనిపించింది. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. యంత్రం అక్కడ నిలబడి ఉండడమే చొరబాట్లను ఆపుతున్నదని రుజువైంది కనుక పదిహేనేళ్ళ పెట్టుబడికి అనుమతి. రెండో దశ వెంటనే ఎడారిలో మొదలుపెట్టాలి. చొరబాటే జరగని ఎర్రగుట్టపాడులో పరీక్షలు అనవసరం, మూసెయ్యాలి.

భావనకు నిద్రపట్టలేదు. విశాల్ గంపలను వదిలెయ్యమనబట్టే కొంగ నిన్ను పట్టలేదు, జరిగింది కమిటీకి రాసేస్తాను, తప్పు దిద్దాలంటే ఇంకో ఏడాది ఇక్కడే ఉండాల్సి వస్తుంది, నీ పని కూడా ఉంటుంది అని వీరరాఘవమ్మతో చెప్పింది. సాక్ష్యంగా ఆ రోజు వీడియో పంపుదామని వెతికింది. దొరకలేదు. కొంగ తనకు మనిషి అనిపించినప్పుడే బొమ్మను దాచుకుంటుంది, లేకపోతే పారేస్తుంది. ఆ పూట చిట్టాలో ఒకే వాక్యం ఉంది. భావన దాన్ని చదివి చెప్పింది. "పన్నెండు నుంచి మూడు వరకు, మనుషులెవరూ రాలేదు."

"ఎవరూ రాలేదా?" అంది వీరరాఘవమ్మ.

"అట్లా రాసుంది పెద్దమ్మా."

"మరి కూరెవరు తెచ్చారంట?"

భావన ఏడ్చింది. వీరరాఘవమ్మ ఆమె తల నిమిరింది గానీ, ఆ రోజు ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. దొరికిపోయి ఓడినా ఇంత బాధ ఉండేది కాదు. షెడ్డు విప్పే రోజున అరుణ్ కుమార్ మిఠాయి డబ్బా, ఒక చీర ఇచ్చి, కార్డులు కంపెనీకి తిరిగి అప్పగించాలన్నాడు. ఆమె మెళ్ళోంచి తీసి ఇచ్చింది. తన ఫొటో ఒక్కటైనా చింపి ఇమ్మందామనుకుని, అడగడానికి మనసొప్పక ఊరుకుంది. చీర హజ్రా బీకి ఇచ్చేసింది.

నెలన్నర తరవాత, మిరప ఆఖరి కోతలప్పుడు, చేలో ఉండగా భావన ఫోను చేసింది. ఎడారి నుంచి.

"పెద్దమ్మా, ఎట్టున్నావు?"

"కోతలో ఉన్నా. ముఠా మేస్త్రి చూస్తన్నాడు, తొందరగా చెప్పు. మీ కొంగెట్టుంది?"

"ఇక్కడ దొంగ పనికి ఎనిమిది మంది కమాండోలను పెట్టారు పెద్దమ్మా. మెరికల్లాంటి వాళ్ళు. వారంలో ఎనిమిది మందీ దొరికిపోయారు. నూటికి నూరు. సారు చానా సంతోషంగా ఉన్నాడు. పదిహేనేళ్ళను ఇరవై చేస్తారంట."

"ఆ ఎనిమిది మందిలో ఒక్కణ్ణన్నా గంప ఎత్తుకోమనలేదా?"

"వాళ్ళు కమాండోలు పెద్దమ్మా. గంపెందుకు ఎత్తుకుంటారు?"

వీరరాఘవమ్మకు మొదట నవ్వొచ్చింది. పక్క సాళ్ళ ఆడవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. అంతలో నవ్వు ఆగిపోయింది. ఎవడో ఒక దుర్మార్గుడు ఒక చీర కట్టి, ఒక గంప నెత్తిన పెట్టుకుంటే చాలు. పోలీసులు ఊళ్ళో దిగిన రోజుల్లో కూడా ఆమె ఇంత భయపడలేదు.

"అమ్మాయ్, ఆ గంప సంగతి దానికి చెప్పి మానిపించారా లేదా?"

"నేను సారుకు రాసిచ్చాను పెద్దమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే నూటికి నూరు తగ్గుద్ది, కమిటీకి ఏం చెప్తామన్నాడు. వదిలెయ్యలేదులే, ప్రణాళికలో రాసుకున్నాడు. మూడో దశలో దిద్దుతారంట."

"మూడో దశంటే ఎప్పుడు?"

"రెండువేల ముప్పై ఆరు."

వీరరాఘవమ్మ ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లెక్క తేలాక అడిగింది.

"మరి అవతలోళ్ళకు చెప్పారా అమ్మాయ్, అప్పటిదాకా ఆగమని?"

భావన ఏం చెప్పిందో వినబడలేదు. మేస్త్రి గట్టు మీదనుంచి, "ఏమే రాఘవమ్మా, ఫోనుకిచ్చేనా కూలి?" అని అరిచాడు. ఆమె ఫోను బొడ్లో దోపుకుని, నిండిన గంప నెత్తికెత్తుకుని కల్లం వైపు నడిచింది.